మూడు మిల్లీమీటర్ల అబద్ధం

లేఅవుట్ పని ఎంతవరకు వచ్చిందని ఫోనులో ఎవరైనా నన్ను అడిగితే చాలు, పక్కన ఉన్న బంధువుల చెవులు నిక్కబొడుచుకుంటాయి. హైదరాబాదులో ఆ మాటకు అర్థం ఒక్కటే కదా: ఊరి బయట ఎక్కడో హద్దురాళ్లు పాతిన ప్లాట్లు, గజం ధర, బ్యాంకు లోను. నా లేఅవుట్ పది అడుగులకు పదకొండు అడుగుల గదిలో గోడల వెంట బల్ల మీద పరిచిన బొమ్మ రైలుమార్గమని తెలిసిన తరువాత ఆ ఆసక్తి ఎంత వేగంగా చల్లారుతుందో చూడటం నాకు ఒక సరదా.

నెలకొక ఆదివారం మేము ఆరుగురం ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తాము. గత నెల నుంచి ఈ నెలకు తన లేఅవుట్‌లో ఏమి మారిందో ప్రతి ఒక్కరూ చెప్పాలి, వీలైతే చేసిన ముక్కను వెంట తేవాలి. మొదట్లో ఈ సమావేశాలు ఎవరు ఏ ఇంజను కొన్నారన్న ముచ్చటతోనే గడిచిపోయేవి. ఏడాది గడిచేసరికి ప్రతివారూ చెబుతున్నది నిజానికి వేరొక సంగతి అని నాకు అర్థమైంది. మన రైళ్లను బల్ల మీదికి తేవాలంటే ఎక్కడో ఒకచోట అబద్ధం ఆడక తప్పదు. ఎవరు ఏ అబద్ధాన్ని ఎంచుకున్నారు, దానితో ఎలా కాపురం చేస్తున్నారు అన్నదే ప్రతి నెలా మేము చెప్పుకుంటున్న కథ.

ఆ అబద్ధానికి మూలం గేజ్. మన బ్రాడ్‌గేజ్‌లో రెండు పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, అంటే అయిదున్నర అడుగులు. ఈ అభిరుచి ఉన్నవారిలో ఎక్కువమంది వాడే హెచ్‌ఓ స్కేలు 1:87, అంటే అసలు కొలతలో 87వ వంతు. అందులో దొరికే పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఆ లెక్క ఐరోపా, అమెరికాలలో నడిచే 1,435 మి.మీ. ప్రామాణిక గేజ్‌కు కట్టినది. మన 1,676ను 87తో భాగిస్తే 19.26 వస్తుంది. కాబట్టి హెచ్‌ఓ పట్టాల మీద మన ఇంజనును పెట్టినప్పుడు కింద దాదాపు మూడు మిల్లీమీటర్లు తగ్గిపోయి, భారీ మనిషి పిల్లవాడి చెప్పులు వేసుకున్నట్టు కనిపిస్తుంది. పక్క నుంచి చూస్తే తెలియదు. ఎదురుగా వంగి చూస్తే మాత్రం దాగదు. ఇంగ్లండులో అయితే 1:76 బొమ్మలను ఇవే 16.5 మి.మీ. పట్టాల మీద దశాబ్దాలుగా నిశ్చింతగా నడుపుకుంటున్నారు. ఆ ధైర్యం నాకు కొంత ఊరట.

మాలో అందరికంటే పెద్దవారు, రైల్వేలో పదవీ విరమణ చేసిన వ్యక్తి, ఈ చిక్కును ఎంతో ఒడుపుగా తప్పించుకున్నారు. ఆయనకు తెలిసిన కాచిగూడ మీటర్‌గేజ్ కాచిగూడ. 1990లలో బ్రాడ్‌గేజ్ రాకముందు మహబూబ్‌నగర్ మీదుగా ద్రోణాచలం వైపు బండ్లు బయలుదేరిన స్టేషన్. మీటర్‌గేజ్ అంటే వెయ్యి మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 11.49. స్విట్జర్లాండ్‌లోని మీటర్‌గేజ్ కొండ రైళ్ల నమూనాల కోసం తయారయ్యే 12 మి.మీ. పట్టాలు ఆయనకు అచ్చంగా సరిపోయాయి. అబద్ధం అర మిల్లీమీటరు మాత్రమే. ఆ సుఖానికి ఆయన చెల్లించిన మూల్యం వేరు: వైడీఎం-4 డీజిల్ ఇంజను అంగడిలో దొరికే వస్తువు కాదు. స్విస్ ఇంజను కింది భాగాన్ని, అంటే మోటారును, చక్రాలను, ఉంచుకుని, పై డొల్లను ఇత్తడి రేకుతో చేతితో కట్టుకుంటున్నారు. ఎనిమిది నెలలుగా ఒకే ఇంజను. మొన్నటి ఆదివారం ఆయన తెచ్చి చూపించింది ఆ ఇంజనుకు ఒక వైపు ఊచల వరుస మాత్రమే, దాన్ని మేము చేతులు మార్చుకుంటూ పావుగంట చూశాము. 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్ భవనాన్ని కూడా మొదలుపెట్టారు. దాని చిన్న గుమ్మటాలకు టేబుల్ టెన్నిస్ బంతులు కొని సగానికి కోశారు, 40 మి.మీ. బంతి 1:87లో మూడున్నర మీటర్ల గుమ్మటం అవుతుందని ఆయన లెక్క. బంతి మీది కంపెనీ ముద్ర ఇంకా చెరగలేదు.

ఆర్కిటెక్చర్ చదివిన ఒక అమ్మాయి ఇంకొక దారి పట్టింది. పట్టాలను మార్చలేనప్పుడు స్కేలునే మారుద్దామన్నది ఆమె వాదన. 1,676ను 16.5తో భాగిస్తే 101.6 వస్తుంది కాబట్టి, 1:100లో కడితే అవే హెచ్‌ఓ పట్టాలు మన బ్రాడ్‌గేజ్‌కు దాదాపు సరిగ్గా సరిపోతాయి. పైగా 1:100 ఆర్కిటెక్టులు భవన నమూనాలకు నిత్యం వాడే స్కేలు, కనుక మనుషులు, చెట్లు, బెంచీలు కావలసినన్ని దొరుకుతాయి. ఈ లెక్క మొదటిసారి విన్నప్పుడు నాకు కొంచెం అసూయ కలిగింది. అయితే ఆ స్కేలులో మన బండ్లు తయారుగా దొరకవు. ఒక్కొక్క పెట్టెను సన్‌బోర్డుతో కోసి అతికించుకోవలసిందే. మూడు పెట్టెలు పూర్తయ్యాయి, కిటికీ ఊచలతో సహా. నాలుగోది మొదలుపెట్టే ఓపిక లేదని ఆమె ప్రతి నెలా చెబుతుంది. ప్రతి నెలా కొంత చేసుకుని వస్తుంది.

మియాపూర్‌లో ఉండే మిత్రుడికి గేజ్ పట్టింపు లేదు, పొడవు పట్టింపు ఉంది. 24 పెట్టెల బండి పూర్తిగా కనిపించకపోతే అది రైలే కాదని అతని పట్టుదల. అందుకని 1:160 ఎన్ స్కేలు ఎంచుకుని, కొత్త తరం ఎల్‌హెచ్‌బీ పెట్టెలను త్రీడీ ప్రింటర్ మీద తీస్తున్నాడు. ఒక్కొక్కటి పదిహేను సెంటీమీటర్ల లోపే ఉంటుంది కానీ 24 కలిపితే మూడున్నర మీటర్లు దాటి, బండి అతని హాలులో ఒక గోడ మొత్తాన్ని ఆక్రమిస్తుంది. సోఫాను జరిపినందుకు ఇంట్లో ఏమన్నారో అతను చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇక నాది. చిన్నప్పుడు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాదు వస్తుంటే భువనగిరి దగ్గర కిటికీలో నిండుగా కనిపించే ఆ ఏకశిల నా మనసులో నిలిచిపోయింది. 1974లో మొదలైన ఆ బండిని, 1980లలో నేను చూసిన ముదురు ఎరుపు పెట్టెలతో, ముందు డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజనుతో, భువనగిరిలో నిలపాలన్నదే నా కోరిక. పెట్టెలకు నీలం రంగు వచ్చింది 1990లలో. నా బల్ల మీద ఆ కాలం ఇంకా రాలేదు.

నేను ఎంచుకున్నది 16.5 మి.మీ. హెచ్‌ఓ, అంటే అందరికంటే పెద్ద అబద్ధం నాదే. కారణం బద్ధకమని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు: పట్టాలు, బండిని ఒక లైను నుంచి ఇంకొక లైనుకు మళ్లించే పాయింట్లు, చక్రాలు అన్నీ తయారుగా వస్తాయి. కానీ ఒక అబద్ధం ఆడితే ఇంకొన్ని వెంట వస్తాయి. నా గోదావరికి కావలసిన పాత తరం ఐసీఎఫ్ పెట్టె 21 మీటర్లకు పైనే ఉంటుంది, హెచ్‌ఓలో సుమారు 24.5 సెంటీమీటర్లు. మలుపు చూడటానికి సహజంగా ఉండాలంటే దాని వ్యాసార్ధం పెట్టె పొడవుకు మూడు రెట్లు ఉండాలంటారు. అంటే 73 సెంటీమీటర్ల పైమాట, అరవృత్తానికి దాదాపు మీటరున్నర వెడల్పు. నా గదిలో మంచం కూడా ఉంది. అందువల్ల గది మూలల్లో కనిపించే మలుపులను 70 దగ్గర ఆపి, తలుపు పక్కన పుస్తకాల అల్మారా వెనుక దాగే మలుపును 50కి కుదించాను. స్టేషన్‌లో ప్రధాన మార్గం నుంచి చీలి మళ్లీ దానిలో కలిసే లూప్ లైను రెండు మీటర్లకే పరిమితమైంది కనుక నా గోదావరికి ఏడు పెట్టెలే. మియాపూర్ మిత్రుడు దాన్ని ప్యాసింజరు అంటాడు.

కొండ సంగతి మరీ విచిత్రం. ఆ శిల ఎత్తు 500 అడుగులని చెబుతారు. 87తో భాగించినా 1.75 మీటర్లు వస్తుంది, బల్ల మీద పెడితే సీలింగు ఫ్యానుకు తగులుతుంది. పైగా స్టేషన్‌కు దానికి మధ్య కిలోమీటరే అనుకున్నా 1:87లో అది పదకొండున్నర మీటర్లు, అంటే కొండను ఎదురింటివారి మేడ మీద నిలబెట్టాలి. చివరికి గోడకు అమర్చిన బోర్డు మీద రంగులతో గీసి, దాని ముందు థర్మోకోల్ మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసి చేసిన నాలుగు గుండ్లను పేర్చాను. దక్కను గుండ్ల రంగు బూడిద కాదు. గులాబీ, తేనె, నలుపు కలిసిన రంగు. నాలుగుసార్లు వేసి నాలుగుసార్లు గీకేశాను, అయిదోసారి మౌలాలి గుట్ట ముందు నిలబడి రంగులు కలుపుకున్నాను.

కంకరకు పట్టినంత కాలం మరి దేనికీ పట్టలేదు. మన రైలుమార్గాల కంకరలో పెద్ద రాయి 65 మి.మీ. ఉంటుంది, హెచ్‌ఓలో అది ముప్పావు మిల్లీమీటరు. మా వీధిలో కడుతున్న ఇంటి దగ్గర అడిగి క్రషర్ పొడి తెచ్చి, టీ వడకట్టే జాలీతో జల్లించాను (ఆ జాలీ తిరిగి వంటింట్లోకి వెళ్లలేదు). తరువాత అయస్కాంతాన్ని పొడి మీద తిప్పాను; నల్లని రేణువులు కొన్ని దానికి అంటుకున్నాయి, వాటిని అలాగే వదిలితే ఇంజను మోటారులోకి చేరతాయి. ఫెవికాల్‌లో సగం నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి కంకర మీద చుక్కలుగా వేయాలి. మొదటి మీటరు వేసినప్పుడు కంకరను ముందుగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడపలేదు. జిగురు లోపలికి ఇంకక ముత్యాల్లా నిలిచి, రాళ్లను తనతో లేపుకుని పట్టాల మధ్య గుంటలు చేసింది. ఆ మీటరు మొత్తం తడిపి, గీకి, మళ్లీ పోశాను.

తీగల పని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అది చెప్పినా చూపించినా ఎవరికీ ఆనందం కలిగించదు. కోఠి గుజరాతీ గల్లీలో తీగలు, ఎల్‌ఈడీలు కొనుక్కుని ప్రతి మీటరుకు ఒక జత తీగలు పట్టాలకు అతికించాను, ఇంజను దూరం వెళ్లేకొద్దీ నీరసించడం ఆగింది.

మే నెలలో మాత్రం నాకు తగిన శాస్తి జరిగింది. మాది పై అంతస్తు. కరెంటు బాగా పారుతుందని పట్టాల అతుకులన్నీ సోల్డర్ చేసి, మూడున్నర మీటర్ల పొడవునా సందు లేకుండా చేశాను. ఒక మధ్యాహ్నం గది తలుపు తీసేసరికి లూప్ లైను పాములా వంకరపోయింది. లెక్క వేస్తే, ఇరవై డిగ్రీల వేడి తేడాకు ఆ పొడవు సాగేది ఒక మిల్లీమీటరు పైచిలుకే. కానీ రెండు కొసలూ బిగిసి ఉంటే ఆ మిల్లీమీటరుకు పక్కకు పోవడం తప్ప దారి లేదు. ఆ నెల సమావేశంలో ఈ సంగతి చెప్పగానే పెద్దాయన నవ్వు ఆపుకోలేకపోయారు. ఎండాకాలంలో పట్టాల వెంట మనుషులను నడిపించి చూపించే అలవాటు రైల్వేలో ఎందుకుందో ఇప్పటికైనా తెలిసిందా అని, "నువ్వూ ఒక కీమ్యాన్‌ను పెట్టుకో బాబూ" అన్నారు. ఇప్పుడు ప్రతి మీటరుకు ఒక అతుకును సోల్డర్ చేయకుండా విజిటింగ్ కార్డు మందంలో సందు వదిలాను.

కిందటి ఆదివారం సమావేశం మా ఇంట్లో జరిగింది. ఏడు పెట్టెల గోదావరి మొదటిసారి పట్టా తప్పకుండా గది చుట్టూ తిరిగి వచ్చి ప్లాట్‌ఫారం దగ్గర ఆగింది. గేజ్ గురించి ఎవరైనా అంటారని నేను సమాధానం సిద్ధం చేసుకుని నిలబడ్డాను. పెద్దాయన కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మోకాళ్ల మీద వంగి, ఇంజనుకు ఎదురుగా పట్టాల ఎత్తున కళ్లు పెట్టి చాలాసేపు చూశారు. ఆ మూడు మిల్లీమీటర్లు దాగని చోటు అదే.

"ఈ హోమ్ సిగ్నల్‌ను కుడివైపు ఎందుకు పెట్టావు బాబూ?" అన్నారు.

హోమ్ సిగ్నల్ అంటే బండి స్టేషన్‌లోకి రావచ్చో లేదో చెప్పేది. ఏదో అమెరికా లేఅవుట్ ఫొటో చూసి పెట్టానని ఒప్పుకోవలసి వచ్చింది. మన బండ్లు ఎడమ వైపు నడుస్తాయి, సిగ్నల్ కూడా ఎడమ వైపునే ఉండాలి. ముప్పై ఏళ్లకు పైగా దాని కోసం ఎడమకే చూసిన కళ్లు ఆయనవి. గేజ్ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అందరూ వెళ్లిపోయాక ఆ సిగ్నల్‌ను పీకి, తీగను బల్ల కింద మళ్లించి, ఎడమవైపు కొత్తగా రంధ్రం చేసి నాటాను. పాత రంధ్రాన్ని పూడ్చడానికి ఒక చెంచా కంకర పట్టింది. ఈసారి దాన్ని ముందుగా తడిపాను.