నోరు విప్పినవాళ్ళకి సైక్లింగ్ ఏం చేసింది?

జూలైలో నేను టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు చూస్తున్నానని తెలిసిన ప్రతివాళ్ళూ ఒకటే ప్రశ్న అడుగుతారు. "వాళ్ళంతా డ్రగ్స్ తీసుకుని తొక్కేవాళ్ళే కదా, రోజూ పనిగట్టుకుని ఎందుకు చూస్తావు?" అడిగేవాళ్ళ తప్పేం లేదు. మన దగ్గర ఈ ఆటకి సంబంధించి జనానికి తెలిసిన పేరు దాదాపుగా లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక్కడిదే. క్యాన్సర్ నుంచి బయటపడి వచ్చి 1999 నుంచి 2005 దాకా వరసగా ఏడు టూర్‌లు గెలిచాడు, ఆ రోజుల్లో మన కాలేజీ కుర్రాళ్ళు కూడా ఆ పసుపు రబ్బరు బ్యాండు చేతికి వేసుకుని తిరిగారు, 2012లో ఏడు టైటిళ్ళూ పోయాయి, 2013 జనవరిలో ఓప్రా విన్‌ఫ్రే ఎదురుగా కూర్చుని అన్నీ ఒప్పుకున్నాడు. అంత పెద్దవాడే అలాగైతే మిగతావాళ్ళ సంగతేంటి అని ఎవరికైనా అనిపిస్తుంది.

కానీ "వాళ్ళంతా" అన్న మాట వింటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. అంతా కాదు. మేం తీసుకోం అని చెప్పినవాళ్ళు ఉన్నారు, చూసింది చూసినట్టు బయటపెట్టినవాళ్ళు ఉన్నారు, వాళ్ళని వెళ్ళగొట్టింది ఈ ఆటే. డోపింగ్ మీద నాకున్న కోపంలో ఎక్కువ భాగం సూదుల మీద కాదు, దీని మీద.

క్రిస్టోఫ్ బస్సోన్స్ పేరు ఎంతమంది విన్నారో తెలీదు. ఫ్రెంచ్ రైడర్. 1998లో ఫెస్టీనా జట్టులో ఉండేవాడు. ఆ ఏడాది టూర్ మొదలవడానికి మూడు రోజుల ముందు, జులై 8న, ఆ జట్టు సహాయకుడు విల్లీ వూట్ నడుపుతున్న కారుని ఫ్రాన్స్ బెల్జియం సరిహద్దులో కస్టమ్స్‌వాళ్ళు ఆపితే అందులో ఈపీఓ, గ్రోత్ హార్మోన్, ఇంకా ఏవేవో వందల కొద్దీ దొరికాయి. ఈపీఓ మన కిడ్నీలు తయారుచేసే హార్మోనే, ఎర్ర రక్తకణాలని పెంచుతుంది. బయటి నుంచి ఎక్కిస్తే రక్తం ఎక్కువ ఆక్సిజన్ మోస్తుంది, కొండ ఎక్కేటప్పుడు మామూలు మనిషి కుప్పకూలే చోట వీళ్ళు ఇంకో గేరు వేస్తారు. దాంతో పాటు రక్తం చిక్కబడుతుంది, గుండెకి ప్రమాదం. అప్పట్లో దాన్ని పట్టుకునే పరీక్షే లేదు, అందుకని 1997లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ ఒక గీత గీసింది, హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 50 శాతం దాటితే రేసు నుంచి పక్కన పెడతామని. అంటే 49 దగ్గర ఉంటే అడిగేవాళ్ళు లేరన్నమాట. ఆ గీత ఎంత ఎక్కించుకోవచ్చో చెప్పే కొలతలా పనికొచ్చిందే తప్ప ఎవరినీ ఆపలేదని నా అభిప్రాయం.

ఫెస్టీనా రైడర్లని పోలీసులు విచారించినప్పుడు వాళ్ళే చెప్పారు, బస్సోన్స్ మాత్రం తీసుకోడని. మరుసటి ఏడాది అతను వేరే జట్టు తరఫున టూర్‌కి వచ్చాడు, వస్తూ ఒక ఫ్రెంచ్ పత్రికలో రోజువారీ కాలమ్ రాయడం మొదలుపెట్టాడు. ఏడాది కిందే అంత గొడవ జరిగింది కదా, మరి వేగం ఎందుకు తగ్గలేదు? అతను అడిగింది అంతే. ఆర్మ్‌స్ట్రాంగ్ సెస్ట్రియేర్ కొండ మీద అందరినీ చిత్తుచేసిన మర్నాడు, ఆల్ప్ డ్యుయెజ్ వెళ్ళే స్టేజిలో (టూర్‌లో ఒక రోజు రేసుని స్టేజి అంటారు), మొదట్లో మెల్లగా తొక్కుదామని గుంపంతా ఒక మాట అనుకుంది. బస్సోన్స్‌కి మాత్రం చెప్పలేదు. మెకానిక్ ద్వారా తెలుసుకుని అతను మొదటి నుంచే ఒంటరిగా దూసుకెళ్ళాడు. గుంపు వెంటపడి పట్టుకుంది. అప్పుడు పసుపు జెర్సీ, అంటే టూర్ మొత్తం మీద ముందున్నవాడి జెర్సీ, వేసుకున్న ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కకొచ్చి, భుజం మీద చెయ్యి వేసి, నువ్వు మాట్లాడేది ఈ ఆటకి మంచిది కాదు, ఇంటికి వెళ్ళిపొమ్మన్నాడు. తర్వాత ఫ్రెంచ్ టీవీలో కూడా ఇదే అర్థం వచ్చేలా మాట్లాడాడు. చుట్టూ తొక్కుతున్న అంతమందిలో బస్సోన్స్ తరఫున నిలబడ్డవాళ్ళు లేరు, సొంత జట్టు కూడా దూరం పెట్టింది. రెండు రోజులు అలాగే లాగి, మూడో రోజు స్టేజి మొదలవకముందే టూర్ వదిలేసి వెళ్ళిపోయాడు. 2001లో ప్రొఫెషనల్ సైక్లింగే మానేశాడు.

ఒక్కసారి ఆలోచించండి. రోజుకి అయిదారు గంటలు, మూడు వారాల పాటు, అదే గుంపు మధ్యలో తొక్కాలి. గాలికి అడ్డం ఇవ్వడానికి ముందు ఒక మనిషి కావాలి, పంక్చర్ అయితే ఆగేవాడు కావాలి, నీళ్ళ బాటిల్ అందించేవాడు కావాలి. గుంపు వెలివేసిందంటే ఈ ఆటలో బతకడం కుదరదు, నూట యాభై మంది మధ్యలో ఉండి కూడా ఒంటరే. మన పల్లెల్లో ఒకప్పుడు నీళ్ళూ నిప్పూ ఇవ్వకుండా చేసే వెలివేత ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

రెండో పేరు ఫిలిప్పో సిమియోనీ. ఇటలీవాడు. ఇతను అమాయకుడేం కాదు, తాను తీసుకున్నానని ఒప్పుకున్నాడు. డాక్టర్ మికేలె ఫెరారీ దగ్గర ఆ మందుల సలహా తీసుకున్నానని కోర్టులో సాక్ష్యం చెప్పాడు. ఆర్మ్‌స్ట్రాంగ్‌కి కూడా ఆ డాక్టరే. 2004 టూర్ 18వ స్టేజిలో ముందు చిన్న బ్రేక్‌అవే, అంటే గుంపుని వదిలి ముందుకెళ్ళిన కొద్దిమంది, వెళ్తోంది, ఏ ప్రమాదమూ లేని స్టేజి, వాళ్ళని అందుకోవడానికి సిమియోనీ గుంపు నుంచి బయటకొచ్చాడు. పసుపు జెర్సీలో ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ స్వయంగా అతని వెనక బయల్దేరాడు! టూర్ అప్పటికే దాదాపు గెలిచేసిన మనిషి, ఎక్కడో అడుగున ఉన్న ఒక మామూలు రైడర్ వెనక. పసుపు జెర్సీ తమతో ఉంటే పెద్ద జట్లు బ్రేక్‌అవేని వదలవు, అది అందరికీ తెలుసు. ముందున్నవాళ్ళు బతిమాలుకున్నారు, వాళ్ళ అవకాశం పాడవకూడదని సిమియోనీ వెనక్కి తగ్గాడు. తిరిగి గుంపులో కలిసినప్పుడు కొందరు రైడర్లు తిట్టారు. ఆర్మ్‌స్ట్రాంగ్ కెమెరా చూస్తుండగా పెదవుల మీద జిప్పు లాగినట్టు వేళ్ళు కదిపాడు, నోరు మూసుకో అని. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. దాంట్లో ఆర్మ్‌స్ట్రాంగ్‌ని కాదు, చుట్టుపక్కల తొక్కుతున్నవాళ్ళ మొహాలు చూడండి.

పారిస్ వెళ్ళే చివరి రోజు, అందరూ షాంపేన్ గ్లాసులతో ఫోటోలు దిగే రోజు, సిమియోనీ పదే పదే అటాక్ చేశాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ జట్టు ప్రతిసారీ తరిమి పట్టుకుంది. నాకు ఆ ఏడాది టూర్‌లో అన్నిటికంటే ఇష్టమైన తొక్కుడు అదే. 2008లో అతను ఇటలీ జాతీయ చాంపియన్ అయ్యాడు, అయినా మరుసటి ఏడాది, ఆర్మ్‌స్ట్రాంగ్ రిటైర్మెంట్ నుంచి తిరిగొచ్చి ఇటలీ పెద్ద రేసు జిరో డి ఇటాలియాలో తొక్కిన ఏడాది, సిమియోనీ జట్టుకి జిరో పిలుపు రాలేదు. చాంపియన్ జెర్సీని ఇటలీ సమాఖ్యకి తిరిగిచ్చేశాడు.

ఎమ్మా ఓరైలీ గురించీ చెప్పాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ జట్టులో మసాజ్ చేసే ఐరిష్ అమ్మాయి. 1999 టూర్‌లో అతని శాంపిల్‌లో ప్రిస్క్రిప్షన్ లేకుండా వాడకూడని కార్టికోస్టెరాయిడ్ మందు ఆనవాళ్ళు బయటపడితే, సీటు పుండుకి వాడిన క్రీమ్ వల్ల అని వెనకటి తేదీ వేసి ప్రిస్క్రిప్షన్ తయారుచేశారని బయటపెట్టింది ఆమే. దానికి ఆమెకి దక్కినవి కోర్టు కేసులు, ఇక్కడ రాయలేని నిందలు.

వీళ్ళ గురించి ఇంతలా రాయడానికి కారణం ఉంది. సైక్లింగ్‌లో పెద్ద డోపింగ్ కేసులు ఎలా బయటపడ్డాయో వరసగా చూడండి. ఫెస్టీనా కస్టమ్స్ చెక్‌పోస్టు దగ్గర దొరికింది. 2006లో స్పెయిన్‌లో డాక్టర్ ఫుయెంటెస్ దగ్గర, తిరిగి ఎక్కించడానికి దాచిన రక్తం సంచులు పట్టుకుంది పోలీసులు. 2019లో ఆస్ట్రియాలో స్కీయింగ్ పోటీల దగ్గర దాడిచేసి, ఆ తీగ లాగి సైక్లిస్టుల దాకా వెళ్ళింది కూడా పోలీసులే, అదీ ఒక స్కీయర్ టీవీలో నోరు విప్పాక. ఆర్మ్‌స్ట్రాంగ్ కేసులో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ చేతిలో ఉన్న అసలు బలం 26 మంది సాక్షులు, అందులో 11 మంది అతని పాత సహచరులు. అన్నేళ్ళు పరీక్షలన్నీ దాటాను అని అతను చెప్పుకుంటూనే ఉన్నాడు. పరీక్షలు వద్దని కాదు. 2008లో వచ్చిన బయోలాజికల్ పాస్‌పోర్ట్ చాలా మంచి పని, ఒక రైడర్ రక్తం లెక్కల్ని ఏళ్ళ తరబడి పక్కపక్కన పెట్టి చూస్తుంది కాబట్టి ఇష్టమొచ్చినట్టు ఎక్కించుకోవడం కుదరదు. రైడర్లు రోజుకి ఒక గంట పరీక్షకి ఎక్కడ దొరుకుతారో ముందే చెప్పాలి, ఏడాదిలో మూడుసార్లు దొరక్కపోతే నిషేధం. అవన్నీ ఉండాల్సిందే. కానీ తలుపు తెరిచేది ఎప్పుడూ లోపలున్న మనిషే, ఆ మనిషికి ఏం జరుగుతుందో బస్సోన్స్‌నీ సిమియోనీనీ చూసి అందరూ నేర్చుకున్నారు.

మరి దొరికినవాళ్ళకి ఏం జరిగింది? బ్యార్నె రీస్ 1996 టూర్ గెలిచాడు, ఈపీఓ వాడానని 2007లో ఒప్పుకున్నాడు, ఆ టైటిల్ ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది, ఒప్పుకున్నాక కూడా ఏళ్ళపాటు జట్టు నడిపాడు. వినొకురొవ్ 2007 టూర్‌లో రక్తమార్పిడి పరీక్షలో దొరికి నిషేధం అనుభవించి వచ్చాడు, లండన్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచాడు, తర్వాత ఆస్తానా జట్టు పెద్ద అయ్యాడు. 2008 టూర్‌లో రికార్డో రిక్కో దొరికినప్పుడు ఆ జట్టుని నడుపుతున్న మౌరో జియానెట్టి ఇప్పుడు ఈ తరం మేటి రైడర్ పొగాచర్ జట్టుని నడుపుతున్నాడు. శిక్ష అయిపోయాక మనిషిని జీవితాంతం వెంటాడాలని నేను అనను, రెండో అవకాశం ఇవ్వాల్సిందే. అదే అవకాశం బస్సోన్స్‌కి ఎందుకు రాలేదు అన్నదే నా బాధ. 2012లో అతను ఒక మౌంటెన్ బైక్ రేసు మధ్యలో మానేసి ఇంటికి బయల్దేరాడు, తర్వాత డోప్ టెస్టుకి రమ్మని పిలుపొచ్చింది, అందుకోలేకపోయాడని ఏడాది నిషేధం వేశారు! అప్పీలులో అది నెలకి తగ్గింది. అతనికి!

ఇక పొగాచర్ సంగతి. ఇది రాయకపోతే మీరు ఊరుకోరు. నాకు అతని తొక్కుడంటే పిచ్చి, రేసు ఎక్కడ మలుపు తిరుగుతుందో అని లెక్కలు వేసుకోకుండా ఎనభై కిలోమీటర్ల ముందే దూకే చాంపియన్‌ని మన తరం చూడలేదు. 2024 టూర్‌లో ప్లాటో ద బెయ్ కొండ మీద 1998 నాటి పంతానీ రికార్డుని మూడు నిమిషాలకు పైగా దాటేశాడు. పంతానీ అంటే ఈపీఓ కాలం రాజు, 1999 జిరో నుంచి 52 శాతం హెమటోక్రిట్‌తో బయటికి పంపేసిన మనిషి. సైకిళ్ళు మారాయి, టైర్లు మారాయి, బట్టల్లో గాలి లెక్కలు మారాయి, గంటకి 120 గ్రాముల కార్బోహైడ్రేట్లు తింటూ తొక్కుతున్నారు, ఎత్తు ప్రదేశాల్లో క్యాంపులు పెరిగాయి. ఇవన్నీ నిజమైన కారణాలే, కొండంత తేడా తెచ్చేవే. పొగాచర్ మీద ఏ రుజువూ లేదు, రుజువు లేకుండా దొంగ అనడం నాకు అసహ్యం. అలాగని పరీక్షల్లో దొరకలేదు కదా అన్న మాట మాత్రం నా ముందు చెల్లదు, ఎందుకంటే అదే మాట ఇంతకు ముందు ఎవరు చెప్పారో పైన రాశాను.

అందుకే ఇప్పుడు నేను వేగం కంటే జవాబులు ఎక్కువ గమనిస్తాను. ఆ 2024 టూర్ జరుగుతుండగానే కొన్ని జట్లు కార్బన్ మోనాక్సైడ్ పీల్చే యంత్రం వాడుతున్నాయని విలేకరులు బయటపెట్టారు. రక్తంలో హిమోగ్లోబిన్ ఎంత ఉందో కొలవడానికి అని జట్ల వివరణ, కానీ అదే వాయువుని పదే పదే పీలిస్తే ఎత్తు ప్రదేశంలో ఉన్నట్టే శరీరం రక్తకణాలు పెంచుకుంటుంది. పొగాచర్‌ని అడిగితే మొదట అదేంటో తెలీదన్నాడు, తర్వాత ఆ పరీక్ష చేయించుకున్నానని చెప్పాడు. అది నాకు నచ్చలేదు. అప్పటికి అది నిషేధంలో లేదు, మొదటి రోజే చెప్పి ఉండాల్సింది. 2025 ఫిబ్రవరిలో యూసీఐ ఆ వాయువుని పదే పదే పీల్చడాన్ని నిషేధించింది, వైద్య కేంద్రంలో వైద్యుల పర్యవేక్షణలో కొలత కోసమైతేనే ఒప్పుకుంది, విలేకరులు అడక్కపోతే ఆ నిబంధన అంత త్వరగా వచ్చేదని నేను అనుకోను. ఇంకో టూర్ విజేత వింగెగార్డ్‌ని 2023లో టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే స్టేజి) తర్వాత ఇలాగే గుచ్చి గుచ్చి అడిగారు. మీరు అనుమానించడం మంచిదే, నా కూతురికి ఇవ్వని వస్తువేదీ నేను తీసుకోను అన్న అర్థంలో జవాబిచ్చాడు. అది రుజువు కాదు, నాకు తెలుసు. కానీ అడిగినవాడి మీద కోప్పడలేదు, ఇంటికి పొమ్మనలేదు.

ఆర్మ్‌స్ట్రాంగ్ ఇప్పుడు జూలై వస్తే టూర్ మీద పాడ్‌కాస్ట్ చేస్తాడు, వినేవాళ్ళు బోలెడంత మంది. బస్సోన్స్‌ని, సిమియోనీని, ఎమ్మాని తర్వాత కలిసి క్షమాపణ చెప్పాడు, అది వాళ్ళ మధ్య విషయం, వాళ్ళు క్షమిస్తే నాకు సంతోషమే. నేను మాత్రం ఆ పాడ్‌కాస్ట్ వినను. వచ్చే టూర్‌కి కొత్తగా చూడ్డం మొదలుపెట్టేవాళ్ళు స్టేజి అయిపోగానే టీవీ కట్టేయకండి, విలేకరులతో మాట్లాడేది కూడా చూడండి. ఇబ్బందిపెట్టే ప్రశ్న వచ్చినప్పుడు రైడర్ ఏమంటాడో, పక్కన నిలబడ్డ జట్టు మేనేజర్ ఏం చేస్తాడో, ఆ ప్రశ్న అడిగిన విలేకరికి మర్నాడు కూడా మైకు అందుతుందో లేదో చూడండి.