టీబీ మందులు, మాంత్రికులు, మంచి అలవాట్లు

టీబీ మందులు వాడిన ఆరు నెలల్లో చదివిన పుస్తకాలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తేదీ, పుస్తకం పేరు, ఎన్ని పేజీలు చదివాను, ఆ పూట జ్వరం ఉందా లేదా. మొత్తం చూస్తే రెండే రకాలు కనిపిస్తాయి: మాంత్రికులూ రాక్షసులూ ఉన్న కథలు, మనిషి తనను తాను ఎలా మెరుగుపరచుకోవాలో చెప్పే పుస్తకాలు.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుండగా పట్టుకున్న దగ్గు వారాల తరబడి తగ్గలేదు. సాయంత్రమయ్యేసరికి సన్నటి జ్వరం, రాత్రి చెమటలు. తెమడ పరీక్ష చేస్తే ఊపిరితిత్తుల టీబీ అని తేలింది. సెలవు పెట్టి రాజోలు దగ్గరున్న మా ఊరు వచ్చేశాను. అప్పుడు దాళ్వా నాట్లు పడుతున్నాయి. మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇచ్చారు. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారు పడొద్దని ముందే చెప్పారు.

పెరటి వైపు గది నాకు వదిలేశారు. స్నేహితురాలు ప్రేమగా ఒక పుస్తకం పంపింది. రోగాలన్నీ మన ఆలోచనల్లోంచే పుడతాయని అందులో ఉంది. చాలా కోపం వచ్చింది. టీబీకి కారణం ఒక బాక్టీరియా అని రాబర్ట్ కాక్ 1882లోనే చూపించాడు. మంచం మీద ఉన్న మనిషికి నీ మనసు బాగోలేకే ఇలా అయ్యిందని చెప్పడం కన్నా క్రూరమైన మాట ఉండదు. నోట్‌బుక్‌లో దాని పేరు పక్కన ‘పన్నెండు పేజీలు, చాలు’ అని రాసి మూసేశాను.

రాత్రిళ్లు నన్ను కాపాడింది మామ్మ దాచిన పాత చందమామల బైండు. అందులో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్ ‘తోకచుక్క’ దొరికింది. చెమటకు తడిసిన దిండు తిరగేసుకుని, ఆ కథానాయకుడు సమరసేనుడితో పాటు నేనూ అడవిలోకి వెళ్లేదాన్ని. ఆ కథ నన్నేమీ మారమనలేదు, తర్వాతి పేజీ తిప్పితే చాలంది. నీరసంగా ఉన్నవాళ్లు చేయగలిగింది కూడా అంతే కదా! అక్క కొడుకు కిటికీ అవతల అరుగు మీద చేరి, ఏకాక్షి మాంత్రికుడు ఏమయ్యాడు పిన్నీ అని అడిగేవాడు. మాస్కు పెట్టుకుని చెప్పేదాన్ని. వాడికి కూడా ముందు జాగ్రత్తగా మందు వాడించారు.

ఆ కథకు చిత్రా గారు వేసిన రంగుల బొమ్మలు ఇంకో పనికి కూడా వచ్చాయి. ఇథాంబ్యుటాల్ అనే మందు కొందరికి కళ్ల మీద పనిచేసి, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకుండా చేస్తుంది. చూపులో మార్పు వస్తే వెంటనే చెప్పమన్నారు డాక్టరు గారు. అందుకని ఆ బొమ్మల్లో ఎర్ర తలపాగాలూ పచ్చటి చెట్లూ ఒక్కో కంటితో చూసుకునేదాన్ని.

అసలు కష్టం దగ్గు తగ్గాక మొదలైంది. బరువు పెరిగాను, అన్నం రుచి తెలుస్తోంది, మాత్ర చూస్తే మాత్రం వికారం. చాలామంది మందు ఆపేసేది ఇక్కడేనట. సగంలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగకుండా మొండికేసే ప్రమాదమూ ఉంది. అప్పుడు జేమ్స్ క్లియర్ రాసిన ‘అటామిక్ హాబిట్స్’ అక్కరకొచ్చింది. కొత్త అలవాటును పాత అలవాటుకు జతచేయమంటాడు. మామ్మ తెల్లారగానే తులసికోటకు నీళ్లు పోస్తుంది. ఆ చెంబు చప్పుడుతో నా మాత్రలు, పరగడుపున. ఆవిడ కూడా నీళ్లు పోసి, “వేసుకున్నావా అమ్మాయ్?” అని కేకేసేది.

క్లియర్ స్కూల్లో ఉండగా ముఖానికి బేస్‌బాల్ బ్యాట్ తగిలి కోమాలో ఉన్నాడని ఆ పుస్తకంలోనే చదివాను. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్ 1916లో యుద్ధంలో ట్రెంచ్ ఫీవర్ అనే జ్వరంతో ఇంటికొచ్చి, కోలుకుంటున్న రోజుల్లోనే తన ఊహాలోకం కథలు రాయడం మొదలుపెట్టాడు. అంతదాకా ఈ రెండు రకాల పుస్తకాలూ వేరువేరు మనుషుల కోసమనుకునేదాన్ని. మా రాజోలులో పుట్టిన యండమూరి మాంత్రికుల నవల ‘తులసిదళం’, మనిషిని మెరుగుపడమనే ‘విజయానికి ఐదు మెట్లు’ రెండూ రాశారుగా!

ఒక విషయం మాత్రం ఇంకా బాధపెడుతోంది. అరువు తెచ్చుకున్న పుస్తకం తిరిగిస్తే, “ఉంచుకో అమ్మా, మాకెందుకు” అంటూ గుమ్మంలోంచే పంపేశారు. టీబీ గాలి ద్వారా వస్తుంది, పుస్తకాల వల్ల, కంచాల వల్ల రాదు. అమ్మ ఆ రోజు భోజనం చేయలేదు.

జూన్‌లో కాలవలకు నీళ్లొదిలిన వారం ఆఖరి పరీక్ష జరిగింది. తెమడలో క్రిములు లేవు, ఎక్స్‌రేలో చిన్న మచ్చ మిగిలింది. మెట్లెక్కితే ఇప్పటికీ కాస్త ఆయాసం వస్తుంది. ప్రస్తుతం ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రెండో సంపుటం చదువుతున్నాను. అక్క కొడుకు తోకచుక్క సొంతంగా చదవడం మొదలుపెట్టి, నేను కిటికీలోంచి చెప్పినప్పుడు వదిలేసిన ముక్కలేమిటో రోజూ ఫోన్‌లో పట్టి చూపిస్తున్నాడు.