గీజరు కడుపులో సున్నం

వారంలో కాస్త ఆలస్యంగా లేవగలిగేది ఆదివారమే. ఇవాళ ఆ భాగ్యం కూడా గీజరు పాలైంది. కొన్నాళ్ళుగా స్విచ్చి వేస్తే చాలు, లోపల టపటపమని ఒకటే చప్పుడు. నీళ్ళు మాత్రం ఎంతకీ కాగవు. పాతబడిపోయింది, కొత్తది కొనేద్దామంటారు మా ఆయన. ముందు విప్పి చూడనివ్వండి అంటాను నేను.

మెకానిక్ లోపలికి వస్తూనే అడిగారు, "మీది బోరు నీళ్ళా అమ్మా, మంజీరానా?" అని. హైదరాబాదులో ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెబితే ఇంట్లోని గీజరు, కెటిల్, వాషింగ్ మెషీన్ల జాతకమంతా తెలిసిపోతుంది. మా అపార్టుమెంటులో వంటకు కుళాయిలో వచ్చే మంజీరా నీళ్ళు, మిగతా వాటన్నిటికీ బోరు నీళ్ళే.

కరెంటు ఆపి, ట్యాంకు ఖాళీ చేసి, అడుగున బోల్టులు విప్పి, నీళ్ళు కాచే ఎలిమెంటును మెల్లగా బయటికి లాగారు. అసలు లోహం ఎక్కడుందో వెతుక్కోవాలి! పంచదార గవ్వలా ఒళ్ళంతా తెల్లటి పెచ్చు. ట్యాంకులోంచి గలగలా బకెట్టులోకి రాలిన పొలుసులు వేరే. ఇంత మందాన సున్నం కప్పుకుంటే వేడి నీళ్ళకు అందేదెలా? ఎలిమెంటు తన వేడికి తానే మాడి, చివరికి కాలిపోతుందట. మాది ఇంకా ఆ దశకు రాలేదు. దాని పక్కనుండే మెగ్నీషియం కడ్డీ మాత్రం సన్నటి తీగగా మిగిలింది. దాన్ని పెట్టేదే కరిగిపోవడానికి. తుప్పు ముందు దాన్ని తింటూ ట్యాంకు జోలికి పోకుండా ఉంటుంది. కడ్డీ అయిపోయాక ఇక ట్యాంకు వంతే. గీజరు కొన్నప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పరు. కొత్త కడ్డీ వేయించాను.

"బాత్రూం కడిగే యాసిడ్ పోస్తే చిటికెలో పోదూ?" అన్నారు అత్తయ్య. "సున్నంతో పాటు ఎలిమెంటూ పోతుందమ్మా," అని నవ్వి, నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్, కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో దాన్ని నానబెట్టారాయన. వెంటనే సన్నటి బుడగలు మొదలయ్యాయి. మా అమ్మాయి ఫోను పక్కన పెట్టి మరీ వచ్చి చూసింది. బోరు నీళ్ళలో కాల్షియం బైకార్బనేటు కరిగి ఉంటుంది, కంటికి కనిపించదు. కాగినప్పుడు అదే కాల్షియం కార్బనేటుగా విడిపోయి ఎలిమెంటును పట్టుకుంటుంది. ఆ సున్నానికి పులుపు తగిలితే కార్బన్ డయాక్సైడ్ బుడగలై పైకి వస్తుంది. పరీక్ష కోసం బట్టీ పట్టిన సమీకరణం బకెట్టులో కనబడేసరికి దానికి ముచ్చటేసింది.

నిమ్మ ఉప్పు మిగిలింది కదా అని కెటిల్ పని కూడా పట్టాను. లీటరు వేడి నీళ్ళలో రెండు చెంచాలు వేసి అరగంట వదిలేస్తే, అడుగున గోధుమరంగు గార దానంతటదే ఊడి వచ్చింది. పీచుతో తోమితే గీతలు పడతాయి తప్ప గార కదలదు. ఈ నీళ్ళను మళ్ళీ మళ్ళీ మరిగించకూడదు కూడా. కాల్షియం సిట్రేటు తయారై ఇంకో రకం తెలుపు పేరుకుంటుంది. అత్తయ్య గదిలోని వాటర్ హీటరు రాడ్డుకూ ఇదే వైద్యం చేశాను, ప్లగ్గు తీసేసి.

మన తాగునీటి ప్రమాణాల ప్రకారం కాఠిన్యం, అంటే నీళ్ళలో కరిగిన సున్నం లాంటి లవణాలు, లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఫరవాలేదు. వేరే నీళ్ళు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. మా బోరు నీళ్ళను పరీక్ష చేయించమని సెక్రటరీ గారికి చెప్పాలి. ఇంటింటా తిప్పుతున్న ఆ టీడీఎస్ మీటరుతో లాభం లేదు. కరిగిన లవణాలన్నీ కలిపి ఎన్నో అది చెబుతుంది, అందులో సున్నం వాటా ఎంతో చెప్పదు.

వేడి ఎక్కువైన కొద్దీ గార ఎక్కువ పడుతుందని చెప్పి, గీజరు మరను బాగా తగ్గించి వెళ్ళారు మెకానిక్. ఆ వేడి తన ఒంటికి చాలదని మా ఆయన అప్పుడే సణుగుతున్నారు. స్టూలు అటకమీద పెట్టేశాను. ఆ మర అందాలంటే ఇక నన్ను అడగాల్సిందే.