పెళ్లికూతురు అక్క, పెళ్లికొడుకు బావ, మధ్యలో కొంచెం ఆంత్రోపాలజీ

ఆంత్రోపాలజీ అనే మాట నేను ఫస్ట్ విన్నది హైదరాబాద్ అశోక్‌నగర్‌లో. సివిల్స్‌కి ఆప్షనల్ ఏం తీసుకోవాలా అని తల పట్టుకుని ఉంటే హాస్టల్లో ఒక సీనియర్ "ఆంత్రో తీస్కో తమ్ముడూ, సిలబస్ తక్కువ" అన్నాడు, అంతే, సాయంత్రానికల్లా జిరాక్స్ షాపులో నోట్స్ కట్ట కొనేశా. సివిల్స్ రాలేదు, అది వేరే కథ. కానీ చుట్టరికాల చాప్టర్ మాత్రం బుర్రలో ఉండిపోయింది. వంశం బొమ్మ గీస్తే మగాళ్లకి త్రిభుజం, ఆడవాళ్లకి సున్నా, పెళ్లికి ఈక్వల్ గుర్తు, పిల్లలకి కిందకి గీత. ఏ జనం ఎవర్ని చుట్టాలంటారు, ఎవర్ని చేసుకుంటారు, ఎవరింట్లో తింటారు, ఎందుకలా అని వాళ్ల మధ్యే ఉండి చూసి రాసే సబ్జెక్టు ఇది (పుర్రెలు ఎముకలు కొలిచే భాగం కూడా ఉంది, నేను దాని జోలికి పోను).

అయితే అది నిజంగా అర్థమైంది మాత్రం తెనాల్లో ఒక పెళ్లిలో. మా మామయ్య కొడుక్కి, మా పెద్దమ్మ కూతురికి పెళ్లి. నా రూమ్మేట్ లక్నో వాడు, వాణ్ని కూడా లాక్కెళ్లా. పంక్తిలో పక్కన కూర్చుని "దుల్హన్ నీకేమవుతుంది" అన్నాడు, అక్క అన్నా. "దుల్హా?" బావ అన్నా, మామయ్య కొడుకు అని కూడా చెప్పా. వాడు కాసేపు లెక్కేసుకుని, గొంతు బాగా తగ్గించి, "అరే, ఇద్దరూ భాయీ బెహనే కదా, ఇది లీగలేనా?" అన్నాడు. లీగలే రా బాబూ, 1955 హిందూ వివాహ చట్టం దగ్గర చుట్టాల్లో పెళ్లి కూడదంటుంది గానీ ఆచారం ఉన్నవాళ్లకి మినహాయింపిచ్చింది, అని నోట్స్ అప్పజెప్పా. వాడికి చట్టం కాదు కావాల్సింది. మరి నువ్వు ఈ అక్కని చేసుకోవచ్చా అన్నాడు. ఛీ ఛీ అన్నా. అదే ఎందుకు అన్నాడు. నా దగ్గర ఆన్సర్ లేదు.

రాత్రి అమ్మమ్మని అడిగా. మనవరాల్ని మనవడికే చేసుకుంటున్నానన్న ఆనందంలో ఉంది, తను చేసుకున్నదీ మేనత్త కొడుకునే. "పెద్దమ్మంటే అమ్మే కదరా, అమ్మ కూతురు అక్క కాక ఇంకేమవుద్ది?" అంది, అంతే, వక్కలు కత్తిరించుకోవడంలో పడిపోయింది.

ఇదే సంగతికి లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికా లాయరు 1871లో పేద్ద పుస్తకం రాశాడు. న్యూయార్క్ రాష్ట్రంలో సెనెకా అనే అమెరికన్ ఇండియన్ (అక్కడి ఆదివాసీ) తెగ వాళ్లు నాన్న అన్నదమ్ముల్ని నాన్నలనీ, అమ్మ అక్కచెల్లెళ్లని అమ్మలనీ అంటుంటే ఆశ్చర్యపోయి, ప్రపంచమంతా మిషనరీలకీ కాన్సల్ ఆఫీసులకీ ప్రశ్నల కాగితాలు పంపాడు. తిరిగొచ్చిన వాటిల్లో తమిళం, తెలుగు వరసలు అచ్చం అలాగే ఉన్నాయి! మనకీ పెదనాన్న చిన్నాన్న, పెద్దమ్మ చిన్నమ్మ కదా, ఆ పిల్లలు తోబుట్టువులు. మేనత్త, మేనమామ పిల్లలే వేరు, వాళ్లు బావలు మరదళ్లు. అమెరికన్ ఇండియన్లు ఆసియా నుంచి వచ్చారనడానికి ఇదే సాక్ష్యం అన్నాడాయన, ఆ వాదన నిలబడలేదు. పైగా సెనెకా వాళ్లలో మేనరికం ఆనవాయితీ లేదు, మనకే మేనమామా మామే, పిల్లనిచ్చినాయనా మామే.

నాకు మతిపోయేది ఎక్కడంటే, రక్తం లెక్కలో పెద్దమ్మ కూతురూ మామయ్య కూతురూ ఒకటే, ఇద్దరితోనూ మన జీన్స్ సుమారు 12.5 శాతం కలుస్తాయి. డాక్టరు ఇద్దర్నీ వద్దంటాడు (కరెక్టే, మా ఇంట్లో ఇదే ఆఖరి మేనరికం అనుకుంటున్నా). లక్నో వాడికి ఇద్దరూ చెల్లెళ్లే. అరబ్బుల్లో చూస్తే బాబాయి కూతురు మొదటి వరస సంబంధం, మన హైదరాబాద్ ముస్లిం ఇళ్లలో కూడా చాచా కూతుర్ని చేసుకుంటారు, మనకేమో వినగానే చెవులు మూసుకోవాలనిపిస్తుంది. గీత రక్తం గియ్యలేదు, ఎవరికి వాళ్లే గీసుకున్నారు.

బౌధాయన ధర్మసూత్రం అనే పాత సంస్కృత ఆచారాల పుస్తకంలో ఇదంతా రెండు వేల ఏళ్ల కిందటే ఉంది. దక్షిణాది వాళ్ల తేడా అలవాట్లు అని బౌధాయనుడు లిస్టు వేశాడు, మేనమామ కూతుర్నీ మేనత్త కూతుర్నీ చేసుకోవడం, పెళ్లాంతో కలిసి తినడం, చద్దన్నం తినడం! ఉత్తరాది వాళ్లకీ ఒక లిస్టుంది, ఉన్ని అమ్మడం, మద్యం తాగడం, సముద్రం మీద వెళ్లడం. ఎవరి దేశంలో వాళ్లది చెల్లుతుంది, పక్కోళ్ల దగ్గర చేస్తేనే తప్పంట. చద్దన్నం సంగతి చెప్తే రూమ్మేట్ పడీ పడీ నవ్వాడు.

తర్వాత వాడూ ఒకటి చెప్పాడు, వాళ్ల నానాజీ (అమ్మ వాళ్ల నాన్న) కూతుర్నిచ్చిన ఊళ్లో మంచినీళ్లు కూడా ముట్టుకోడంట, ఇచ్చిన చోట తీసుకోకూడదని. అది విని అమ్మమ్మ "అయ్యో, కన్నకూతురింట్లో కాఫీ కూడా తాగడా, ఏం పాపం చేశాడురా ఆయన" అని నిజంగా బాధపడింది.

మర్నాడు శుభలేఖ వెనకాల మా వంశం గీశాం, అమ్మమ్మ చెప్తుంటే నేను త్రిభుజాలూ సున్నాలూ. రెండు తరాలు దిగేసరికి గీతలు మళ్లీ అదే ఇంటికి తిరుక్కుంటున్నాయి, మొత్తం శుభలేఖలోనే పట్టేసింది. వాడు కూడా వాళ్లది మొదలెట్టాడు. ప్రతి కోడలూ ఒక కొత్త ఊరు, కొత్త ఇల్లు. రెండు కాగితాలు అతికించాక, మూడోది ఉందా అని అడిగాడు.