కూర్చునే చోట్లు లెక్కపెట్టుకుంటూ ఊరు వెతికాం

మా ఆయన కళ్ళకు నీటికాసులు (గ్లాకోమా) వచ్చాయని 2023 చివర్లో తెలిసింది. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది, పక్కనుంచి వచ్చేదే కనబడదు. డాక్టరమ్మ చుక్కల మందు రాసిచ్చి, "ఇక బండి తోలొద్దు సార్" అంది. ముప్పై ఏళ్ళు బండి మీదే బడికి పోయొచ్చిన మనిషి. ఆ సాయంత్రం తాళంచెవి తీసి దేవుడి గూట్లో పెట్టేశారు.

అప్పుడు మేం తిరుపతిలో బైపాస్ రోడ్డుకు ఆవల, అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉన్నాం. పాల ప్యాకెట్టు తప్ప ఏం కావాలన్నా పెద్ద రోడ్డు దాటాలి. ఒకరోజు మందుల షాపుకని పోయి ఆయన రోడ్డు మధ్యలో నిలబడిపోయారు. కుడి పక్కనుంచి వచ్చిన ఆటో చేతిసంచిని రాసుకుంటూ పోయింది. దెబ్బ తగల్లేదు గానీ ఆ తర్వాత నెల రోజులు ఒంటరిగా గడప దాటలేదు. మందులు ఇంటికే, కూరగాయలు ఇంటికే, చివరికి క్షవరం చేసే అతన్ని కూడా ఇంటికే పిలిపించుకున్నారు. చూపు కంటే ముందు మనిషే ముడుచుకుపోతున్నాడని నాకు భయమేసింది.

"నడిచి బతకగలిగే ఊరేదైనా చూసుకుందామండీ" అన్నాను. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి "నా దగ్గరికి వచ్చెయ్యండమ్మా" అని గట్టిగానే అడిగింది. అక్కడా లిఫ్టు, గేటు, గేటు బయట పెద్ద రోడ్డు. వద్దన్నాం.

తిరుపతిలోనే ఎందుకు చూడలేదని చాలామంది అడిగారు. చూశాం. మొదట చూసింది అక్కడే. 1130లో రామానుజులు గోవిందరాజస్వామి గుడి దగ్గర వేయించిన వీధుల నుంచే ఊరు పుట్టిందని చెప్పుకుంటారు. ఆ పాత తిరుపతి ఇప్పటికీ నడకకు సరిపోయే ఊరే. గాంధీ రోడ్డు, బేరి వీధి, గుడి చుట్టూ మాడవీధులు, అన్నీ కాలి దూరం. ఆ వీధుల్లో తిరుగుతున్నప్పుడే నాకు ఒక సంగతి తట్టింది. మాడవీధి అంటే మనుషులు తేరు లాగడానికి వేసిన వీధి. తేరు మలుపు తిరగాలి గనక వెడల్పు ఉంటుంది. ఊరంతా తేరు వెంట నడవాలి గనక ఒక మూల నుంచి ఇంకో మూలకు మనిషి అలిసిపోయేంత దూరం ఉండదు. నాలుగు మాడవీధులున్న ఊరయితే మనకు సరిపోవచ్చు అనుకున్నాను. కానీ పాత తిరుపతిలో మా పింఛనుకు అందే బాడుగ ఇల్లు దొరకలేదు. మంచి ఇళ్ళన్నీ లాడ్జీలయిపోయాయి.

2024 సంక్రాంతి తర్వాత ఊర్లు చూడ్డం మొదలుపెట్టాం. ఒకటే నియమం పెట్టుకున్నాం. బస్సులో పోవాలి, ఊర్లో దిగాక ఆటో ఎక్కకూడదు. బస్టాండు నుంచి కూరగాయల అంగడికి, అక్కడి నుంచి మందుల షాపుకు, బ్యాంకుకు, గుడికి నడిచే చూడాలి. రెండో రోజు అదే దారిలో ఐదు కిలోల సంచి మోసుకుని నడవాలి. రాత్రి ఎనిమిది తర్వాత ఇంకోసారి. నేను నిమిషాలు రాసుకునేదాన్ని. మా ఆయన ఇంకో లెక్క మొదలుపెట్టారు: దారిలో కూర్చోవడానికి ఎన్ని చోట్లున్నాయి, నీడ ఎంత దూరం వస్తుంది. మొదట్లో నేను అది పట్టించుకోలేదు. చివరికి ఊరు తేల్చింది ఆ లెక్కే.

చంద్రగిరికి ఒక పూట పోయొచ్చాం. రాజమహల్ ముందు గంటసేపు కూర్చుంటే ప్రాణం లేచొచ్చింది. కోట వైపు ఉన్న ప్రశాంతత అంగళ్ళ వైపు లేదు, అంగళ్ళ వైపు ఉన్న వసతి కోట వైపు లేదు. పలమనేరుకు చల్లదనం కోసం పోయాం. మొగిలి ఘాట్ ఎక్కగానే గాలే మారిపోతుంది. ఏప్రిల్‌లో కూడా రాత్రి దుప్పటి కప్పుకున్నాం. ఊరు మాత్రం రోడ్డు వెంబడి పొడుగ్గా సాగిపోయింది. ఏ పనికైనా బండ్లు పోయే దారి పక్కనే నడవాలి. మా ఆయన నా చెయ్యి వదల్లేదు.

మనసు లాగేసింది కార్వేటినగరం. స్కంద పుష్కరిణి మెట్ల మీద సాయంత్రం కూర్చున్నాం. నాలుగు వైపులా రాతిమెట్లు, పక్కన వేణుగోపాలస్వామి గుడి, నీళ్ళ మీద నుంచి వచ్చే గాలి. ఇంత అందమైన కోనేరు పెట్టుకుని ఈ ఊరు ఇంత నిశ్శబ్దంగా ఎలా ఉందా అనిపించింది. ఊరంతా పావుగంట నడక. "ఇక్కడే ఉండిపోదామే" అని ఆయన అన్నారు కూడా. నేనే ఒప్పుకోలేదు. కంటి ఒత్తిడి చూపించుకోవాలంటే మాటిమాటికీ బస్సులు మారాలి. అర్ధరాత్రి ఏదైనా అయితే ఏంటన్న ప్రశ్నకు నాకు జవాబు దొరకలేదు. ఆ కోనేరు ఇప్పటికీ కళ్ళలో ఉంది.

శ్రీకాళహస్తిని మేం జాబితాలో రాసుకోనే లేదు. అది యాత్రికుల ఊరు గదా అనుకున్నాం. 2010 మే 26 రాత్రి రాజగోపురం కూలిపోయినప్పుడు టీవీ ముందు ఏడ్చిన ఊరు, 2017లో కొత్త గోపురానికి కుంభాభిషేకం జరిగితే దణ్ణం పెట్టుకుని వచ్చేసిన ఊరు. దర్శనం చేసుకోవడం, మళ్ళీ బస్సెక్కడం. అక్కడ జనం ఎలా బతుకుతారో ఎన్నడూ చూడలేదు. మా చెల్లెలు రాహుకేతు పూజ మొక్కుకుంటే తోడు పోయి, పూజ అయ్యేలోపు ఊరికే వీధుల్లో నడిచాం.

నడిస్తే తెలిసింది. ఒక పక్క కొండ, ఒక పక్క స్వర్ణముఖి ఏరు, నడుమ గుడి. పాత ఊరు పరుచుకోవడానికి చోటే లేదు, అందుకే ఒద్దికగా ఉండిపోయింది. ఇంటికి ఇల్లు ఆనుకుని ఉండేసరికి పొద్దున పదిగంటల దాకా వీధిలో ఒక పక్క నీడే. గుడి ముందరి వీధుల్లో తోపులాట ఎంతున్నా, రెండు మలుపులు తిరిగితే ముగ్గులు, ఆవులు, తిన్నెల మీద చిక్కుడుకాయలు వలుచుకునే ఆడవాళ్ళు. ఇంటి ముందు అరుగును మా వైపు తిన్నె అంటాం. మా ఆయన గుడి వెనక వీధి నుంచి కూరగాయల అంగడి దాకా లెక్కపెట్టి "పద్నాలుగు" అన్నారు. పలమనేరులో మేం నడిచిన దారిలో మూడు, అవీ బస్సు షెల్టర్లు.

తర్వాత ఒక లాడ్జిలో నాలుగు రోజులున్నాం. మంగళవారం, ఆదివారం రెండూ వచ్చేలా చూసుకున్నాం. ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం, ఆ పూజకు జనం పోటెత్తుతారు. ఆ జనంలో ఆయన నడవగలరా అని పరీక్ష. నడవలేరు. ఊరివాళ్ళు కూడా ఆ వేళకు అటు పోరు, వెనక వీధుల్లో తిరుగుతారు. కిరాణా అంగడి ఆమె నాతో "ఆదివారం మనది కాదక్కా, వచ్చినోళ్ళది. శనివారమే కూరాకు తెచ్చి పెట్టుకో" అంది. 'మనది' అన్న మాట దగ్గరే నాకు సగం ఊరు దొరికింది.

ఇల్లు మాత్రం తేలిగ్గా దొరకలేదు. ఒక బ్రోకరు "గుడికి ఐదు నిమిషాలమ్మా" అని చూపించిన ఇంటి నుంచి నేను నడిస్తే ఇరవై రెండు నిమిషాలు పట్టింది. అతను బండి మీద ఐదు నిమిషాలు చెప్పాడు. ఇంకో ఇల్లు బాగుంది, మెట్లు నిట్టనిలువు. ఇల్లు వెతికేవాళ్ళకు చెబుతున్నాను, దూరం ఎవరు చెప్పినా నమ్మకండి, మీ కాళ్ళతోనే కొలుచుకోండి. అదీ మే నెల పగలు ఒకసారి.

చివరికి ఇల్లు చూపించింది ఆ కిరాణా ఆమే. కలంకారీ వేసే వాళ్ళ ఇంట్లో కింది భాగం. మేం పోయేసరికి ఇంటామె పెరట్లో తెల్లగుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెడుతోంది. పాలు ఎందుకని అడిగితే "రంగు పాకకుండా మేడమ్, గీసిన కాడే నిలబడాల" అంది. ఇంకో కుండలో బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము ఊరుతోంది. దాన్ని కసిమి అంటారు, కలంకారీలో నల్ల గీత దాంతోనే. గుడ్డ జాడించేందుకు పారే నీళ్ళు కావాలని, ఏట్లో నీళ్ళున్నంత కాలం ఏటికే పోయేవాళ్ళమని చెప్పింది. బాడుగ మాట కంటే ముందు ఈ మాటలే అరగంట జరిగాయి. మూడు నెలల అడ్వాన్సు, పదకొండు నెలల అగ్రిమెంటు. ఆ కాగితంతోనే ఆధార్‌లో అడ్రసు మార్చుకున్నాం, గ్యాస్ కనెక్షన్ మార్పించుకున్నాం. ఓటు ఇక్కడికి మార్చమని ఫారం 8 పెట్టాం. పెద్ద కష్టమేం కాలేదు, ఓపిక కావాలంతే.

2024 శ్రావణంలో వచ్చాం. ఇక్కడి ఎండ మామూలు ఎండ కాదు, అది దాచను. వేసవిలో మా నడక అంతా తొమ్మిదిలోపు, ఐదు తర్వాతే. శివరాత్రి బ్రహ్మోత్సవాలప్పుడు వారానికి సరిపడా సరుకులు ముందే తెచ్చుకుంటాం. రైల్వే స్టేషను నడకకు దూరం, దానికి ఆటోనే. కంటి పరీక్షకు మాత్రం తిరుపతి బస్సెక్కుతాం. గంట ప్రయాణం, బస్సు కోసం ఎక్కువసేపు కాచుకోనక్కర్లేదు.

మొదటి నెల ఆయన వెనక పది అడుగుల దూరంలో నడిచేదాన్ని. తర్వాత వీధి చివర దాకా. ఒకరోజు కొత్తిమీరకని పోయిన మనిషి ముప్పావుగంటకూ రాలేదు. గుండె దడదడలాడుతుంటే చెప్పులు కూడా వేసుకోకుండా పోయాను. రెండు వీధుల అవతల ఎవరి తిన్నె మీదో కూర్చుని, ఆ ఇంటి పిల్లోడికి భిన్నాలు చెబుతున్నారు. నన్ను చూసి "వచ్చేస్తున్నానే" అన్నారు, లేవలేదు. నేనూ పక్కన కూర్చున్నాను.

పద్నాలుగు తిన్నెల్లో ఒకటి పోయిన కార్తీకంలో కొట్టేశారు. పాత ఇల్లు పడగొట్టి షట్టర్లు వేస్తున్నారు. అంగడికి పోయే దారిలో అది సరిగ్గా సగం దూరం. అక్కడ ఆయన ఊపిరి తీసుకుని, రోడ్డు దాటేముందు రెండు పక్కలా తల తిప్పి చూసుకునేవారు. నాలుగైదు రోజులు ఆ చోట నిలబడి ఇబ్బంది పడ్డారు. ఎదురుగా టైలరింగ్ షాపు అతనికి మేం ఏమీ చెప్పలేదు. ఆ మరుసటి వారం నుంచి పొద్దున షాపు తెరవగానే కుట్టుమిషను దగ్గరి స్టూలు ఒకటి తెచ్చి బయట గోడ నీడలో వేస్తున్నాడు. ఆయన కూరగాయలతో తిరిగొచ్చాకే దాన్ని లోపలికి తీసుకుపోతాడు.