నాలుగు విమానాలు, ఒక పల్లెవెలుగు

మా నాయన కదిరి డిపోలో ముప్పై ఒక్కేళ్ళు కండక్టర్‌గా చేశాడు. రిటైరయ్యాక బెంగళూరులో నా దగ్గరే ఉంటున్నాడు. విమానపురకి కూతవేటు దూరంలో మా ఇల్లు. నేను ఈ ఇంట్లో చేరిన కొత్తలో విమానాలు మిద్దె మీది బట్టల తీగ తెంపుకుపోతాయేమో అన్నంత కిందుగా వెళ్ళేవి. 2008 మే 24న దేవనహళ్ళి ఎయిర్‌పోర్టు మొదలయ్యాక ప్యాసింజర్ విమానాలన్నీ అటు వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఎప్పుడైనా పక్కనున్న హెచ్‌ఏఎల్ పాత ఎయిర్‌పోర్టు నుంచి ఒక హెలికాప్టరో, యుద్ధ విమానమో లేస్తుంది. ఆ చప్పుడు వినపడితే చాలు, నాయన కాఫీ గ్లాసుతో సహా మిద్దె ఎక్కేస్తాడు.

స్కాట్లాండ్ నుంచి వచ్చిన మర్నాడు ఆ మిద్దె మీదే నాకు ఇంటర్వ్యూ జరిగింది.

"ఆఫీసు పనైనాక ఒకరోజు సెలవు పెట్టినావంట, ఏం జేసినావు?"

"నాలుగు విమానాలెక్కాను నాయనా."

"ఎన్ని దేశాలు తిరిగినావు?"

"అదే దేశం. అందులో ఒక విమానమైతే రెండే నిమిషాలు."

నాయన గ్లాసు పిట్టగోడ మీద పెట్టాడు. "స్టేజీ ఎన్ని కిలోమీటర్లు?"

"2.7."

ఆయన మనసులో వేసుకున్న లెక్క నాకు తెలుసు. మారతహళ్ళి బ్రిడ్జి నుంచి కుందలహళ్ళి గేటు దాకా దాదాపు అంతే ఉంటుంది. నేను ఊరెళ్ళే ముందు వారం ఆ ముక్కకు మాకు నలభై రెండు నిమిషాలు పట్టింది. నేను దిగి నడుస్తానని నాయన క్యాబ్‌లో ఒకటే గొడవ. అంతెందుకు, దేవనహళ్ళిలో రన్‌వేనే 4 కిలోమీటర్ల పొడవు. మన దగ్గర విమానం లేవడానికి వేసిన రోడ్డు కంటే అక్కడ ఆ రెండు ఊళ్ళ మధ్య దూరమే తక్కువ.

మొదటి నుంచి చెప్పమన్నాడు. ఆయనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, ఆయన విసుక్కున్న చోట్లు తీసేసి.

2023 జూన్. ఎడిన్‌బరోలో మూడు వారాల ఆఫీసు పని ముగిసింది. తోటివాళ్ళు లండన్ వెళ్ళారు. నాకు ఓర్క్నీ చూడాలని ఉంది. స్కాట్లాండ్‌కు ఉత్తరాన సముద్రంలో చల్లేసినట్టు ఓ డెబ్బై దీవులు, మనుషులుండేవి వాటిలో ఇరవై దాకా. ఒకప్పుడు అవి నార్వే వాళ్ళవి. 1468లో డెన్మార్క్, నార్వేల రాజు తన కూతురు మార్గరెట్‌ని స్కాట్లాండ్ రాజుకిచ్చి పెళ్ళి చేస్తూ, ఒప్పుకున్న కట్నం కట్టలేక ఈ దీవులను తాకట్టు పెట్టాడు. విడిపించుకున్నది లేదు. 1472లో స్కాట్లాండ్ వాటిని తనలో కలిపేసుకుంది. ఇది చదివిన రోజే టికెట్ కొనాలని నిర్ణయించుకున్నాను. కట్నం బాకీ కింద జమైన ఊరంటే మనవాళ్ళకు ఆ మాత్రం ఆసక్తి ఉండదా?

మొదటి విమానం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎడిన్‌బరో నుంచి ఓర్క్నీలోని పెద్ద ఊరు కర్క్‌వాల్, గంటకు పైన కాస్త. పంకాలు తిరిగే విమానం. దేశం లోపలి ప్రయాణం కాబట్టి పాస్‌పోర్టులో ముద్రలు లేవు, ఎందుకొచ్చావని అడిగేవాళ్ళూ లేరు. సెక్యూరిటీలో మాత్రం నా సంచిలోని చెనక్కాయల పొడి డబ్బా తీసి అటూ ఇటూ తిప్పారు. వేరుశనగ అని చెప్పాను. ఆ అమ్మాయి మూత తీసి వాసన చూసి, కళ్ళు పెద్దవి చేసి, మళ్ళీ మూత పెట్టి ఇచ్చేసింది. కదిరి పేరుతో వేరుశనగ వంగడాలే ఉన్నాయి తల్లీ, ఆ ఊరి పిల్లను నేను, అని చెప్పాలనిపించింది. వెనక లైనుంది, ఊరుకున్నాను.

ఒంటరిగా తిరగడంలో ఒక కష్టం, ఒక సుఖం ఉన్నాయి. టాయిలెట్‌కి వెళ్ళాలంటే సంచి ఎవరికీ అప్పగించలేం. కిటికీ సీటు కోసం ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు.

కర్క్‌వాల్‌లో తర్వాతి విమానానికి మూడు గంటలకు పైగా టైముంది. బస్సెక్కి ఊళ్ళోకి వెళ్ళి 1137లో కట్టడం మొదలుపెట్టిన సెయింట్ మాగ్నస్ చర్చి చూశాను. ఎర్ర రాయి, లోపల చల్లటి చీకటి. బాగుంది. కానీ నా మనసంతా మధ్యాహ్నం విమానం మీదే ఉంది. టైము కంటే చాలా ముందే మళ్ళీ ఎయిర్‌పోర్టులో కూర్చున్నాను. నాయన పెంపకం మరి. ఆయనకు బస్సు తప్పిపోయినవాళ్ళంటే జాలి ఉండేది కాదు.

ఇక రెండో విమానం. దాని పేరు ఐలాండర్. 1965లో మొదటిసారి ఎగిరిన మోడల్. ఆకారం మార్చాల్సిన అవసరం ఎవరికీ కనపడినట్టు లేదు. రెండు ఇంజిన్లు, ఒక్క పైలట్, ప్రయాణికులు ఎనిమిది మంది. మధ్యలో నడిచే దారి లేదు, టాయిలెట్ లేదు, ఎయిర్‌హోస్టెస్ లేదు. అంబాసిడర్ కారుకున్నట్టు పక్కనుంచి తలుపులు. మీ వరుస తలుపు తీసుకుని మీరెక్కి కూర్చోవడమే. ఆ చిన్న విమానాలకు సెక్యూరిటీ చెక్ కూడా లేదు. ఒకావిడ ఒళ్ళో కేక్ డబ్బా పెట్టుకుని కూర్చుంది. ఇంకొకాయన ఏదో మిషన్ విడిభాగం కాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు.

పైలట్ మమ్మల్నందరినీ ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. ఇందులో బరువు ఎటు పడుతుందో చూసుకుని మనుషులను సర్దాలి. షేర్ ఆటోవాడు లావుపాటి వాళ్ళను మధ్యలో, సన్నపువాళ్ళను అంచుల్లో కూర్చోబెడతాడే, అదే విద్య. నన్ను చూసి, "మీరు ముందుకు రండి, నా పక్కన" అన్నాడు. నా బరువు చూసో, నా మొహంలో ఆత్రం చూసో తెలీదు. నా ముందు కూడా ఒక స్టీరింగ్. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అమ్మోరి గుళ్ళో కూర్చున్నట్టు కదలకుండా కూర్చున్నాను. ఆయన సీట్లోంచి వెనక్కి తిరిగి, బెల్టులు ఎలా పెట్టుకోవాలో, తలుపులు ఎలా తీయాలో నోటితో చెప్పి, మళ్ళీ ముందుకు తిరిగి ఇంజిన్ స్టార్ట్ చేశాడు. డ్రైవరూ కండక్టరూ ఆయనే. రైట్ రైట్ అనే మనిషి ఒక్కడే తక్కువ.

పావుగంటలో వెస్ట్రే దీవి. దారంతా ఎత్తు కొన్ని వందల అడుగులే. కింద ఆవులకు చుక్కలున్నాయో మచ్చలున్నాయో తెలుస్తోంది. చెట్లు లేవు. పచ్చటి మడులు, రాతి గోడలు, తెల్లటి నురగ అంచు. కేక్ ఆవిడ, మిషన్ ఆయన, ఇంకా ఇద్దరు అక్కడ దిగిపోయారు. ఒక వయొలిన్ పెట్టెతో ఒకమ్మాయి ఎక్కింది. ఆ దీవుల్లో సంగీతం టీచర్లు ఒక బడి నుంచి ఇంకో బడికి ఇలాగే తిరుగుతారట. ఆవిడ ఆవలించింది. ఇక మూడోది, ఆ రెండు నిమిషాలది, పక్క దీవి పాపా వెస్ట్రేకి. నా ఫోనులో స్టాప్‌వాచ్ తెరిచి ఉంది. చేతులకు చెమటలు.

నేల వదిలిన క్షణం నొక్కాను. పొలం, పొలం, రాళ్ళ ఒడ్డు, సముద్రం. నీళ్ళు గాజులా ఉన్నాయి, కింద ఇసుక కనపడుతోంది. ఫొటో తీద్దామని ఫోను ఎత్తేలోపు అవతలి ఒడ్డు వచ్చేసింది. పైలట్ చేయి ఏదో మీటను కిందికి లాగింది. కంకర రన్‌వే కరకరమంది. ఒక నిమిషం ఇరవై రెండు సెకన్లు.

టైమ్‌టేబుల్లో రెండు నిమిషాలని వేస్తారు. ప్రపంచంలోనే అతి చిన్న షెడ్యూల్డ్ విమాన ప్రయాణమని గిన్నిస్ వాళ్ళు రాసుకున్నారు. గాలి కలిసొచ్చి ఒకసారి 53 సెకన్లలో కూడా దిగారట. లోగన్ ఎయిర్ అనే సంస్థ 1967 నుంచి దీన్ని నడుపుతోంది. టికెట్ డబ్బుతో అది గిట్టుబాటు కాదు. అక్కడి కౌన్సిల్ సొమ్ము కలుపుతుంది, ఎందుకంటే డాక్టరైనా, టీచరైనా, పోస్టయినా రావాలంటే అదే దిక్కు.

ఇక్కడ నాయన నన్ను ఆపాడు.

"రెండు ఊర్లకీ మధ్య పడవ లేదా?"

"ఉంది. అరగంట కూడా పట్టదు."

"మరి ఆ ముక్కకు విమానమెవరెక్కుతారు?"

నా దగ్గర సమాధానం లేదు. గిన్నిస్ అంటున్నారు కదా అని నేను అంతటితో ఆగిపోయాను. నాయన మాత్రం వేలితో పిట్టగోడ మీద గీత గీశాడు. "ఇది కర్క్‌వాల్. ఇది ఆ వెస్ట్రే. ఇది నీ పాపా. పెద్దూరి నుంచి బండి బయలుదేరి ఈడ నలుగురిని దింపి, ఆడ ఇద్దరిని దింపి తిరిగొస్తాది. ఈ రెండిటి మధ్య సర్వీసు వేసిందెవరు? అది రూటు కాదమ్మా, స్టాపు."

అంతే. కదిరి నుంచి తలుపుల అనే ఊరి మీదుగా లోపలి పల్లెకు వెళ్ళే నైట్‌హాల్ట్ బస్సు ఆయనది, ఏళ్ళ తరబడి. చివరి రెండు స్టేజీల మధ్య ఎక్కి దిగేవాళ్ళు ఎవరూ ఉండేవారు కాదు. కలెక్షన్ డీజిలుకు కూడా సరిపోయేది కాదు. అయినా బస్సు ఆపలేదు. రాత్రి అక్కడే పడుకుని, తెల్లారి పాల క్యాన్లతో, కాలేజీ పిల్లలతో తిరిగి వచ్చేది. నేను ఎనిమిది వేల కిలోమీటర్లు వెళ్ళి చూసి వచ్చి అర్థం చేసుకోలేని సంగతిని ఆయన పిట్టగోడ మీద తేల్చేశాడు.

పాపా వెస్ట్రేని అక్కడివాళ్ళు ముద్దుగా పాపే అంటారు. పాత నార్స్ భాషలో పాపర్ అంటే క్రైస్తవ సన్యాసులు, అంటే సాములోరి దీవి అన్నమాట. 2011 జనాభా లెక్కల్లో తొంభై మంది. పొడవు ఆరేడు కిలోమీటర్లు, వెడల్పు ఒకటిన్నర. ఎయిర్‌పోర్టు మన పల్లెల్లో పాల సేకరణ కేంద్రమంత ఉంది. విమానం రాగానే ఫైరింజన్ దగ్గర ఒక మనిషి ఆ దుస్తులేసుకుని నిలబడతాడు. విమానం వెళ్ళాక ఆ బట్టలు విప్పేసి ట్రాక్టరెక్కి పొలానికి పోయాడు.

నడిచి నాప్ ఆఫ్ హోవర్ చేరుకున్నాను. ఒడ్డు పక్కన గడ్డి దిబ్బలో రెండు రాతి ఇళ్ళు, ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో వంగి దూరే దారి. క్రీస్తుపూర్వం 3700 ప్రాంతం నాటివి. ఈజిప్టు పిరమిడ్ల కంటే పాతవి. వాయవ్య ఐరోపాలో నిలిచి ఉన్న రాతి ఇళ్ళలో ఇవే అన్నిటికన్నా పాతవంటారు. టికెట్ లేదు, కాపలా లేదు, మనిషి లేడు. గోడలు నా భుజం దాకా వస్తున్నాయి. లోపల రాతి పలకలతో కట్టిన అరలు, అచ్చం మా అవ్వ వంటింట్లో గూళ్ళలాగే. అక్కడ బతికినవాళ్ళు ఆవులు, గొర్రెలు మేపుకున్నారు, బార్లీ పండించుకున్నారు, ఒడ్డున దొరికే నత్తలు, గుల్లలు తిన్నారు. గాలి పడని మూల చూసుకుని ఒక గోడకు ఆనుకుని బ్రెడ్డుకు చెనక్కాయల పొడి అద్దుకుని తిన్నాను. కిందపడిన పొడి ఊడ్చి మరీ వచ్చాను. ఎవరిల్లయినా ఇల్లే కదా.

ఉత్తరపు కొసకు పోదామని బయల్దేరితే ఆర్కిటిక్ టర్న్ అనే తెల్లపిట్టలు నెత్తి మీద పొడవడానికి వచ్చాయి. గూళ్ళు పెట్టుకుని ఉన్నాయి, తప్పు నాదే. అవి ఏటా అంటార్కిటికా దాకా వెళ్ళి వస్తాయి. బెంగళూరు నుంచి వచ్చానని నేను గొప్పలు పోవడానికి అది చోటు కాదని వెనక్కి తిరిగాను.

సాయంత్రానికి మంచు దిగింది. సముద్రం మీద నుంచి పాకి వచ్చే ఆ పొగమంచును అక్కడ హార్ అంటారు. పదడుగుల దూరంలో గేటు మాయమైంది. నాలుగో విమానం ఆలస్యం. షెడ్డులో నేను, ఒక ముసలాయన, ఒక గొర్రెల కాపరి కుక్క. కుక్క ప్రయాణికురాలో, తోడొచ్చిందో అర్థం కాలేదు. ఊళ్ళో హాస్టల్ ఉంది, కోఆపరేటివ్ కొట్టు ఉంది, ఆకలికి చావను. కానీ మర్నాడు ఎడిన్‌బరో నుంచి నా అసలు ప్రయాణం. టెన్షన్ మొదలైంది. వాట్సాప్‌లో నాయనకు "ఇంకా రాలేదు" అని పెట్టాను. "మంచు ఎత్తినాక వస్తాది. ఆడే ఉండు, షెడ్డు వదిలి పోవద్దు" అని వాయిస్ మెసేజ్. వెనకాల బెంగళూరు అర్ధరాత్రి కుక్కల అరుపులు. ఆయన నిద్రపోలేదు.

గంటన్నరకి ఇంజిన్ చప్పుడు వినపడింది, విమానం తర్వాత కనపడింది. ముసలాయన లేచి, కుక్క తల నిమిరి, ఫైరింజన్ ఆయనకు కుక్కను అప్పగించి ఎక్కాడు. ఈసారి నాకు వెనక సీటు. మంచు పైకి రాగానే ఎండ, రాత్రి తొమ్మిదైనా. జూన్‌లో అక్కడ పొద్దు పదిన్నరకు గానీ పోదు. నేరుగా కర్క్‌వాల్. అక్కడ రాత్రి గది, పొద్దున్నే ఎడిన్‌బరో. ఆ ఐదోదాన్ని నేను లెక్కలో కలపలేదు, అది మర్నాటి ట్రిప్పు.

అంతా చెప్పేసరికి నాయన కాఫీ చల్లారిపోయింది. ఫొటోలు చూపించాను. పిరమిడ్ల కంటే పాత ఇల్లు చూసి "బాగా కట్టినారు" అన్నాడు. ఐలాండర్ ఫొటో మాత్రం రెండు వేళ్ళతో పెద్దది చేసి, తలుపులు, చక్రాలు, ముందు సీటు ఒక్కొక్కటే చూశాడు.

"ఇంతకీ ఆ పిల్లోడు, పైలట్, లాస్ట్ ట్రిప్పు అయినాక రాత్రికి యాడ పండుకుంటాడు?"

"అడగలేదు నాయనా."

"అన్నమో?"

"అదీ అడగలేదు."

"ఇంకేం పోయొచ్చినావమ్మా" అని ఫోను నా చేతిలో పెట్టి, గ్లాసు తీసుకుని కిందికి దిగిపోయాడు.