థింగ్ అంటే సభ

గాలికి నిలబడలేకపోతున్నా. ఐస్‌లాండ్‌లో థింగ్‌వెల్లిర్. నల్లటి రాతిగోడ పక్కన జెండా కర్ర, దాని కింద ‘న్యాయశిల’ అని చెప్పే చోటు.

930 నుంచి ఐస్‌లాండ్ జనం ఏటా వేసవిలో ఇక్కడే కూడేవాళ్లు. చట్టాలు ఇంకా రాసిపెట్టుకోని రోజులవి. న్యాయవక్త ఒకాయన ఏడాదికి మూడో వంతు చొప్పున వాటిని కంఠతా అప్పజెప్పేవాడట. గొంతు ఎంత గట్టిదో అనిపించింది, ఈ గాలిలో!

ఈ చోటి పేరులోని ‘థింగ్’ అంటే పాత జర్మానిక్ భాషల్లో సభ. తర్వాత సభలో తేల్చాల్సిన వ్యవహారం అయింది. ఆపైన ఏ విషయమైనా, చివరికి ఏ వస్తువైనా. ఇంగ్లీషులో మనం నోటికొచ్చినట్టు వాడేసే ‘థింగ్’ ఇదే. జర్మన్‌లో ‘డింగ్’ కూడా ఇదే.

వస్తువు వెనక అంతమంది మనుషులు కూర్చుని ఉన్నారని తెలిసి ఒళ్లు జలదరించింది. నిజంగా.

ఉత్తరాన మాత్రం ఆ పాత అర్థం బతికే ఉంది. నార్వే పార్లమెంటు స్టోర్టింగ్, డెన్మార్క్‌ది ఫోల్కెటింగ్, ఇక్కడిది ఆల్తింగి. 1798 దాకా సభ ఈ మైదానంలోనే జరిగింది, ఇప్పుడు రెయిక్యావిక్‌లో. రేపు ఆ భవనం చూడ్డానికి వెళ్తున్నా.